పుర్రచేతి హీరోయిన్

ఆగస్టు 1, శుక్రవారం

సినిమా బాగోలేదు. అయినా చివరిదాకా కూర్చున్నాను.

హీరో మొదటి పావుగంటా నడుస్తూనే ఉన్నాడు. ఎక్కడికి వెళ్తున్నాడో ఇంటర్వెల్ దాకా చెప్పలేదు. మోత మాత్రం గుండెలదిరేలా పెట్టారు. అతని తల్లి వేషం వేసినావిడ పొయ్యి ముందు కూర్చుని కూర కలుపుతూ ఏడుస్తుంది. ఆ గిన్నెలో ఏమీ లేదు. ఖాళీ గిన్నెలో గరిటె తిప్పుతూ ఏడ్చింది మహాతల్లి. హాల్లో ఇంకెవరూ చూసి ఉండరు, నేను చూశాను. పన్నెండేళ్ళు కువైట్‌లో ఒకరి వంటింట్లో నిలబడ్డదాన్ని. నా కళ్ళు హీరో మొహం మీదికి పోవు, గిన్నెల మీదికి పోతాయి.

ఇదంతా ఎందుకు రాసుకుంటున్నానంటే, అమలాపురంలో ఆటో ఎక్కి ఊరు చేరేసరికి సగం కథ మర్చిపోతున్నాను. దివ్యతో మాట్లాడాలంటే కథ గుర్తుండాలి. ఈ పుస్తకం కూడా దానిదే, తొమ్మిదో తరగతి సాంఘికశాస్త్రం నోట్సు. ముందు సగంలో దాని పుర్రచేతి రాత, ఒక పక్కకి వాలిపోయిన అక్షరాలు. వెనక సగం తెల్లగా మిగిలితే నేను తీసుకున్నాను. బియ్యం డబ్బా వెనక పెడుతున్నాను.

నేను వెళ్ళినప్పుడు దానికి ఆరేళ్ళు. ఇప్పుడు పద్దెనిమిది, డిగ్రీ రెండో ఏడు. మధ్యలో మూడుసార్లు నెలేసి రోజులు వచ్చి వెళ్ళాను. ఏప్రిల్‌లో పూర్తిగా వచ్చేశాను. నాలుగు నెలలుగా ఒకే గదిలో పడుకుంటున్నాం. "ఫ్యాను తగ్గించమంటారాండీ?" అంటుంది. చుట్టాలమ్మాయిలా ఎంత మర్యాదో. వాళ్ళ నాన్నతోనూ నానమ్మతోనూ కసురుకుని మరీ మాట్లాడుతుంది. నన్ను ఒక్కసారి కూడా కసరలేదు.

చిన్నప్పుడు దానికి సినిమా కథంటే ప్రాణం. ప్రతి శుక్రవారం ఫోనులో నాచేత చెప్పించుకునేది. కాబట్టి దారి అదే. అమలాపురంలో ఆడే ప్రతి కొత్త సినిమా చూస్తాను, ఎంత చెత్తగా ఉన్నా మధ్యలో లేవను.

ఇంకో సంగతి. రాజోలు ఏజెంటు శ్యామ్ బాబు ఫోన్ చేశాడు. కువైట్‌లో మా పాత మేడమ్ మళ్ళీ నన్నే పంపమంటోందట. ఇరవై అయిదో తారీకులోగా ఏదో ఒకటి చెప్పాలి. మా ఆయన ప్రకాష్ "నీ ఇష్టం. మంచి ఇల్లే కదా" అన్నాడు. దివ్య విని లేచి వెళ్ళి పుస్తకాలు సర్దుకుంది. ఆ పిల్ల నన్ను ఉండమంటే ఉంటాను. అనదు. అందుకే అనిపించాలి.

ఆగస్టు 2, శనివారం

పొద్దున్న దివ్య జడ వేసుకుంటుంటే ఖాళీ గిన్నె సంగతి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను.

"ఆయ్" అంది.

"పాటలు మాత్రం బాగున్నాయే."

"ఆయ్. నాకు బస్సుకి టైమైపోతుందండి."

పరీక్షలు దగ్గరికొస్తున్నాయి కాబోలు.

ఆగస్టు 5, మంగళవారం

కొత్తవి లేవు. పాత సినిమా ఒకటి మళ్ళీ వేశారు. కుర్రాళ్ళు తెర ముందు కాగితాలు చింపి ఎగరేస్తుంటే కథ ఏమీ కనపడలేదు. సినిమా అయ్యాక ఆ కాగితాలు ఊడ్చే ఆవిడ వచ్చింది. ఆవిడ చీపురు పట్టుకోవడం చూసి బయటికొచ్చాను. వాళ్ళు తీసిన మూడు గంటల్లో అంత నిజమైన ముక్క ఒక్కటీ లేదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. తెల్లవారుజామున లేచి పూజ చేసుకుని, పేరంటాళ్ళకి శనగలు పంచి, రెండుంపావు ఆటకి వెళ్ళాను.

అత్తగారు సుబ్బమ్మగారు గుమ్మంలో అడ్డం నిలబడింది. "శ్రావణ శుక్రవారం పూట సినిమాకేంటే? నలుగురూ ఏమనుకుంటారు?"

"అమ్మవారిని అడిగే వెళ్తున్నానండి అత్తయ్యగారూ. ఆవిడేం కాదనలేదు."

గేటు దగ్గర టిక్కెట్లు చింపే భీమరాజుగారికి నేనిప్పుడు బాగా తెలుసు. చేతికున్న తోరం చూసి "ఇయ్యాల కూడా వచ్చేసేరేంటండీ?" అన్నాడు. సంచిలో మిగిలిన శనగలు ఆయన దోసిట్లో పోశాను.

సినిమా సగం బాగుంది. రెండో సగం లేదు. అంటే బాగోలేదని కాదు, నిజంగానే లేదు. విలన్ కత్తి ఎత్తాడు, హీరో కళ్ళు తెరిచాడు, మిగతాది రెండో భాగంలో చూసుకోమని దీపాలు వేసేశారు. పక్కన కూర్చున్న ముసలాయన "రెండో భాగం ఎప్పుడండీ?" అని నన్నడిగాడు. రెండేళ్ళు పడుతుందని చెప్పాను. "అప్పటికి మనం ఉండాలి కదండీ" అన్నాడాయన. ఈ డైరెక్టరు నాకు కనపడితే ఆ ముసలాయన్ని చూపించి సమాధానం చెప్పించుకుంటాను.

హీరోయిన్ ఇంటర్వెల్ తర్వాత కనపడలేదు. ఎక్కడికి పోయిందో ఎవరికీ పట్టలేదు.

ఆగస్టు 9, శనివారం

దివ్యకి రెండో భాగం సంగతి చెప్పాను. "సరేనండి" అంది. సినిమాకి సరేననడమేమిటో నాకు అర్థం కాలేదు.

తర్వాత పెరట్లో సుబ్బమ్మగారితో అన్నాను, పిల్లకి సినిమాల మీద మోజు తగ్గినట్టుందని. ఆవిడ కంద చెక్కుతోంది.

"తగ్గడమేంటే, దానికి అసలు పడదు. నువ్వు ఫోనులో చెప్పేదానివే, ఆ సినిమాల్లో ఏదన్నా టీవీలో వత్తే లేచి అవతలికి పోద్ది."

కథ ముందే తెలిసిపోయింది కదా, అందుకై ఉంటుంది.

ఆగస్టు 12, మంగళవారం

శ్యామ్ బాబు మళ్ళీ ఫోన్ చేశాడు. ఆలోచిస్తున్నానన్నాను. "ఆలోచించడానికేముందండీ, అలవాటైన ఇల్లు" అన్నాడు.

అలవాటైన ఇల్లే.

ఆగస్టు 15, శుక్రవారం

కాలేజీలో జెండా ఎగరేశాక మధ్యాహ్నానికల్లా ఖాళీ అవుతుందంది దివ్య. రెండుంపావు ఆటకి రెండు టిక్కెట్లు తీయించాను. గడియార స్తంభం దగ్గర కలుసుకుందామన్నాను. ఒంటిగంటన్నర నుంచి నిలబడ్డాను. రెండుంపావుకి ఫోనులో మెసేజ్ వచ్చింది, స్నేహితురాలింట్లో రికార్డు రాసుకుంటోందట, మీరు చూసేయండి అని.

చూసేశాను. పక్క సీట్లో సంచి పెట్టుకున్నాను. ఇంటర్వెల్‌లో ఒకాయన ఎవరన్నా వస్తారాండీ అని అడిగితే వస్తారని చెప్పాను.

గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన తల్లి కథ. మెడ నిండా గొలుసులతో దిగింది. చేతులు చూడబోతే పాలమీగడలా ఉన్నాయి. ఇరవై ఏళ్ళు గిన్నెలు తోమిన చేతులట అవి! పిల్లలు ఎయిర్‌పోర్టులో అరుచుకుంటూ పరిగెత్తి వచ్చి వాటేసుకున్నారు. హాలంతా ముక్కులు చీదుకుంది. నాకు ఒళ్ళు మండింది. ఏప్రిల్‌లో నేను రావులపాలెంలో బస్సు దిగితే దివ్య మంచినీళ్ళ సీసా పట్టుకుని నిలబడి ఉంది. "ప్రయాణం బాగా జరిగిందాండీ?" అని, సీసా చేతికిచ్చి, నా పెట్టె అందుకుంది. అలా ఉంటుంది నిజంగా. రాసేవాళ్ళు ఎవరినన్నా అడిగి రాయచ్చు కదా.

అయినా లేవలేదు. అక్షరాలన్నీ పైకి వెళ్ళి తెర తెల్లబడేదాకా కూర్చున్నాను.

ఆగస్టు 16, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మధ్యాహ్నం దివ్య బట్టలు మడత పెడుతోంది. నేను నిన్నటి సినిమా ఎత్తాను. చేతుల సంగతి చెబుతున్నాను. అది చేతిలో ఉన్న చున్నీ మంచం మీద పడేసింది.

"అక్కడా శుక్రవారం సినిమాయే, ఇక్కడా శుక్రవారం సినిమాయే. మాకోసం మీకు ఖాళీ ఎప్పుడండీ?"

నేను ఆ చున్నీ అందుకోబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"అయిదో తరగతిలో నాకు డెంగీ వచ్చింది. ఆసుపత్రిలో సెలైన్ పెట్టేరు. ఆ రోజు శుక్రవారం. నానమ్మ నా చెవి దగ్గర ఫోను పెట్టింది. మీరు సినిమా కథ చెప్పేరు. పాటలతో సహా చెప్పేరు. నేను చచ్చిపోతానేమోనని భయపడతా ఉంటే మా అమ్మ సినిమా చూసొచ్చింది. సెలవు దొరికితే సినిమాకెళ్తారు గానీ ఇంటికి రారు. అప్పణ్ణించి సినిమా అంటేనే నాకు కంపరం. నాలుగు నెలల్నించి రోజూ అదే చెవిలో పోత్తన్నారు నాకు."

చున్నీ తీసి మళ్ళీ మడత పెట్టుకుంది. "ఏమీ అనుకోకండి" అని కూడా అంది.

ఆగస్టు 17, ఆదివారం

రాయబుద్ధి కావడం లేదు.

ఆగస్టు 18, సోమవారం

ఇక్కడైనా నిజం రాయాలి.

వెళ్ళిన రెండో నెలలో దివ్య ఫోనులో వెక్కి వెక్కి ఏడ్చింది. పుర్రచేత్తో అన్నం తింటోందని సుబ్బమ్మగారు చేతి మీద అట్లకాడతో కొట్టింది. ఆడపిల్ల నలుగురిలో ఎడంచేత్తో తింటే నవ్వుతారని ఆవిడ భయం. నేను అక్కడ కూర్చుని ఏం చెయ్యగలను? "ఏడవకే, ఈ రోజే ఒక సినిమా చూశాను, అందులో హీరోయిన్‌ది పుర్రచెయ్యే" అన్నాను. ఏడుపు ఆపింది. "నిజంగానా?" అంది. నిజంగానే అని కథ మొత్తం చెప్పాను.

తర్వాతి శుక్రవారం మళ్ళీ అడిగింది.

మా మేడమ్ కారు నడిపే బెంజమిన్‌గారిది మలికిపురం. ఆయన ఫోనులో కొత్త సినిమా పోస్టరు చూపించేవాడు. ఆ బొమ్మ చూసి, గిన్నెలు తోముతూ వారమంతా కథ అల్లేదాన్ని. ఒకదాంట్లో పిల్ల పుర్రచేత్తో తెడ్డు వేసి వరదలోంచి తండ్రిని ఒడ్డుకి తెచ్చింది. ఇంకోదాంట్లో డాక్టరమ్మ పుర్రచేత్తో ఆపరేషను చేసింది. అయిదేళ్ళు చెప్పాను. తర్వాత దివ్య శుక్రవారాలు ఫోను దగ్గరికి రావడం మానేసింది. చదువుకుంటోందని అనుకున్నాను. అలా అనుకుంటే మనసుకి హాయిగా ఉండేది, అందుకని అనుకున్నాను.

పన్నెండేళ్ళలో నేను ఒక్క సినిమా చూడలేదు. వాళ్ళు కొట్టలేదు, పస్తు పెట్టలేదు. ఒక్కదాన్ని గుమ్మం దాటనివ్వలేదు, అంతే. వారానికో సెలవన్నది లేదు. ఇంట్లోవాళ్ళకి మాత్రం మంచి ఇల్లని చెప్పాను, ప్రతి శుక్రవారం సెలవని చెప్పాను. పిల్ల ధైర్యంగా ఉండాలని చెప్పిన అబద్ధమే పిల్లని నాకు కాకుండా చేసింది. తెలివైనదాన్ననుకున్నాను.

ఇప్పుడు చెబితే నమ్ముతుందా? నమ్మకపోయినా చెప్పాలి. దివ్యకే కాదు, అందరికీ చెప్పాలి.

ఆగస్టు 19, మంగళవారం

చెప్పలేదు. రేపు చెబుతాను.

ఆగస్టు 20, బుధవారం

చెప్పాను.

అందరం అన్నాలకి కూర్చున్నాం. కంద బచ్చలికూర వండాను. దివ్య కుడిచేత్తో కలుపుకుంటోంది, ఎప్పుడో నేర్పించేశారు. నేను వడ్డించడం ఆపి నిలబడే మొదలుపెట్టాను, కూర్చుంటే ఆగిపోతానని.

"కువైట్‌లో నేను ఒక్క సినిమా చూడలేదు. థియేటరు ఎటుందో కూడా తెలీదు. నాకు సెలవు లేదు. శుక్రవారం వాళ్ళ చుట్టాలందరూ భోజనాలకి వత్తారు, ఆ రోజే చాకిరీ ఎక్కువ. ఆ కథలన్నీ నేను కల్పించినవే."

ప్రకాష్ ముద్ద దించేశాడు. "మంచి ఇల్లన్నావు కదే?"

"అనకపోతే ఇక్కడ మీకు నిద్ర పట్టుద్దాండీ?"

ఆయన అంబాజీపేటలో రోజంతా కొబ్బరికాయలు ఒలిచి వచ్చిన మనిషి. చేతులు అరిగిపోయి ఉంటాయి. ఆ చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. కోపం నా మీదో, ఆయన మీదో తెలియలేదు.

దివ్య తలెత్తలేదు. "ఇప్పుడేదన్నా చెప్పచ్చు" అంది. "డెంగీ వచ్చిన రోజు అంత పెద్ద కథ చెప్పేరు. చూడకపోతే ఎలా చెప్పేరు?"

"నువ్వు నిద్రపోయేదాకా చెబుతూనే ఉండమన్నారే మీ నానమ్మ. అందుకే పాటలు కూడా పెట్టాను."

"అబద్ధం."

"నీకు ఫోనులో నీళ్ళ చప్పుడు వినపడేది కదా. 'అక్కడ వానా అమ్మా' అని అడిగేదానివి. అవునే, సినిమాహాలు బయట వాన అనేదాన్ని. ప్రతి శుక్రవారం వాన కురవడానికి అదేమన్నా కోనసీమా? బాత్రూములో తలుపేసుకుని, నా మాట బయటికి వినపడకుండా కుళాయి తిప్పి మాట్లాడేదాన్ని."

దాని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"మరి పుర్రచెయ్యి?" అంది.

నేను సుబ్బమ్మగారి వంక చూశాను. అనకూడదనుకున్నాను, కానీ సగం చెప్పి సగం దాస్తే మళ్ళీ అదే తప్పు. "మీరు చేతి మీద కొట్టేరని ఏడ్చింది అత్తయ్యగారూ. ఆ రోజు మొదలుపెట్టేను."

"పరాయింటికెళ్ళే పిల్ల, నలుగురూ నవ్వుతారని కొట్టేనమ్మా" అంది ఆవిడ.

దివ్య లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయింది. అన్నం సగం వదిలేసింది. ఏడుపొచ్చింది నాకు, ఏడ్చాను. తర్వాత అందరికీ మజ్జిగ పోశాను.

ఆగస్టు 21, గురువారం

శ్యామ్ బాబుకి ఫోన్ చేసి రానని చెప్పేశాను. ఇంకా నాలుగు రోజులుంది కదండీ అన్నాడు. అక్కర్లేదన్నాను.

దివ్య నిన్నటి నుంచి మాట్లాడలేదు. మాట్లాడినా మాట్లాడకపోయినా వెళ్ళను. పిల్ల ఉండమనాలని ఇన్ని రోజులు కాచుకుని కూర్చోవడం తప్పు. అది ఉండమంటే ఉండడానికి నేనేమన్నా చుట్టాన్నా? ఇది నా ఇల్లు.

ఆగస్టు 22, శుక్రవారం

కొత్త సినిమా వచ్చింది. వెళ్ళలేదు. సుబ్బమ్మగారు "వెళ్ళవేంటే?" అంది రెండుసార్లు. కంచాలు పెట్టేటప్పుడు, ఎప్పుడూ ఎడమవైపు పెట్టే మంచినీళ్ళ గ్లాసు దివ్య కంచానికి కుడివైపు పెట్టింది ఆవిడ, పుర్రచేత్తో తినేవాళ్ళకి పెట్టినట్టు. నేనేమీ అనలేదు.

ఆగస్టు 24, ఆదివారం

దివ్య నిన్నంతా చెవుల్లో వైర్లు పెట్టుకుని ఫోను చూస్తూనే ఉంది. ఈ రోజు మధ్యాహ్నం దాకా అంతే. చదువు పాడైపోతుందని అనబోయి ఊరుకున్నాను.

నేను పెరట్లో చింతపండు పిక్కలు తీస్తుంటే వచ్చి ఎదురుగా పీట వేసుకుంది.

"అయిదు సినిమాలు చూసేను" అంది.

నేను పిక్కలు తీస్తూనే ఉన్నాను.

"వరద సినిమాలో తెడ్డు వేసే పిల్ల లేదు. అసలు వరదే లేదు. హీరో పడవలో పాట పాడి దిగిపోయేడు."

"పోస్టరు మీద పడవుందే. అందుకని..."

"డాక్టరు సినిమాలో డాక్టరు మగాడు. డెంగీ రోజు చెప్పేరే, ఆ సినిమాలో పాటలు కూడా అవి కావు."

"కావు."

"ఏ సినిమాలోనూ పుర్రచేతి పిల్ల లేదు."

"లేదమ్మా."

తర్వాత అది చింతపండు ముద్ద ఒకటి తీసుకుని పిక్కలు తీయడం మొదలెట్టింది, పుర్రచేత్తో.

"హీరోయిన్లందరిదీ పుర్రచెయ్యేనని క్లాసులో చెప్పేదాన్ని. కాదని అందరూ నవ్వేవారు. మా అమ్మ చూసిందర్రా అని కొట్లాడేదాన్ని. ఒకసారి సాయిదుర్గ జుట్టు పట్టుకుని పీకేను కూడా."

"తప్పు కదే!"

"నువ్వేగా చెప్పేవు!" అని కసురుకుంది.

నన్ను కసురుకుంది. ఈ మాట ఇక్కడ రాసి, కింద గీత కూడా గీస్తున్నాను.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. మైకుల మోతకి ఏమీ రాయలేను. దివ్యా నేనూ పత్రికి వెళ్ళి దారంతా తగువు పడ్డాం. ఉత్తరేణి ఏదో దానికి తెలుసట, నాకు తెలియదట.

ఆగస్టు 29, శుక్రవారం

సినిమాకి వెళ్దామని దివ్య తనే అడిగింది. కాలేజీ నుంచి తిన్నగా హాలు దగ్గరికి వచ్చేసింది. టిక్కెట్లు తీసుకుని లోపలికి వెళ్ళబోతుంటే చెయ్యి పట్టుకుని పోస్టరు ముందు ఆపింది.

"ముందు నువ్వు చెప్పు. తర్వాత వాళ్ళది చూద్దాం."

పోస్టరు మీద ఒక మేడ, కాలిపోయిన లారీ, లంగా ఓణీలో ఒక పిల్ల, వెనక గడ్డం మనిషి. ఏడేళ్ళయింది నేను కథ అల్లి. సిగ్గేసింది. అయినా మొదలుపెట్టాను. ఆ లారీ ఈ పిల్ల తండ్రిది, కాల్చింది గడ్డం మనిషి అనుకుంటారందరూ, కాదని ఈ పిల్లకి ఒక్కదానికే తెలుసు, ఎలా తెలుసంటే... భీమరాజుగారు టిక్కెట్లు చింపడం ఆపి గేటుకి ఆనుకుని విన్నాడు. వెనక నిలబడ్డవాళ్ళు అరిస్తే "ఉండండి బాబూ, క్లైమాక్స్‌లో ఉన్నాం" అన్నాడు.

లోపలికి వెళ్ళి కూర్చున్నాం. గడ్డం మనిషే హీరోనట. లారీ ఎవరిదో ఎవరూ పట్టించుకోలేదు. గిన్నెల్లో ఈసారి కూర ఉంది, అది మెచ్చుకోవాలి. ఇంటర్వెల్‌లో సమోసాలు కొన్నాను. దివ్య తనది పుర్రచేత్తో తింది, అంతమందిలో. ఒకావిడ అదోలా చూసింది. నేను ఆవిడని చూశాను. ఆవిడ తల తిప్పుకుంది.

రెండో సగంలో ఆ లంగా ఓణీ పిల్ల ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చుని, కుడిచేత్తో అన్నం కలుపుకుంటోంది. దివ్య నా భుజం మీదికి వంగింది.

"అమ్మా, వీళ్ళు తప్పు తీసేరు" అంది.